గాలి వీచే కొండ మీద గుడారం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

కార్తీకం వెళ్లి మార్గశిరం వచ్చేసరికి చిత్తూరు, తిరుపతి ప్రాంతాల నుంచి కొండల మీద గుడారాలు వేసుకుని రాత్రి గడపదలచినవారి ఉత్తరాలు ఈ శీర్షికకు ఎక్కువగా అందుతుంటాయి. ఈ సంచికలో స్థలమంతా వాటికే కేటాయిస్తున్నాము. ఉత్తరాలను క్లుప్తపరిచి, రాసినవారి పేర్లు తీసివేసి, ఊరు మాత్రం ఉంచాము.

ప్రశ్న: మా పాఠశాల స్కౌట్ పిల్లలను గత డిసెంబరులో హార్స్‌లీ హిల్స్‌కు తీసుకువెళ్లి, అనుమతి పొందిన స్థలంలో గుడారాలు వేయించాము. రాత్రి ఉష్ణోగ్రత 13 డిగ్రీల కంటే తగ్గలేదు. ఒక్కొక్కరికి రెండేసి దుప్పట్లు ఇచ్చాము. అయినా పిల్లలు తెల్లవార్లూ వణికారు. 13 డిగ్రీలకే ఇంత చలి ఎందుకు పుట్టింది? ఈసారి మూడేసి దుప్పట్లు ఇస్తే సరిపోతుందా?
— ఒక ఉపాధ్యాయుడు, చిత్తూరు

జవాబు: మూడో దుప్పటికి పెట్టదలచిన డబ్బును పిల్లల కింద పరిచేదానికి పెట్టండి. మీ ఉత్తరంలో దుప్పట్ల లెక్క ఉంది గానీ, పిల్లలు దేని మీద పడుకున్నారో ఒక్క మాటైనా లేదు. చలి గురించి నాకు వచ్చే ఉత్తరాలన్నింటిలోనూ ఇదే లోటు కనిపిస్తుంది. పైన ఏమి కప్పుకోవాలని అందరూ అడుగుతారు, కింద ఏమి వేసుకోవాలని ఎవరూ అడగరు.

గుడారంలో వేడిని పుట్టించే వస్తువు ఏదీ ఉండదు. దుప్పటికి ఆ శక్తి లేదు, గుడారపు గుడ్డకు అంతకన్నా లేదు. అక్కడున్న వేడి అంతా రాత్రి తిన్న తిండి నుంచి శరీరం తయారుచేసుకున్నదే. ఆ వేడి ప్రధానంగా ఒంటి కిందనున్న నేలలోకి, ఒంటిమీదుగా వీచే గాలిలోకి, ఒంటికి అంటుకున్న తడి ఆరిపోవడంలోకి పోతుంది. మీ పిల్లల విషయంలో ఈ మూడు దారులూ తెరిచే ఉన్నాయని మీ ఉత్తరం చదివితే అర్థమవుతోంది.

మొదటిది నేల. దుప్పటిలోని వెచ్చదనం దారానిది కాదు, దారాల మధ్య కదలకుండా నిలిచిన గాలిది. ఒంటి బరువు పడగానే దుప్పటి నలిగి పలచనై ఆ గాలిని వదిలేస్తుంది కాబట్టి, పైన కప్పుకున్నప్పుడు ఎంతో వెచ్చగా ఉన్న దుప్పటే కింద పరిచినప్పుడు దాదాపు పనికిరాకుండా పోతుంది. పైగా మన రాయలసీమ కొండల మీద మట్టి పొర పలచన, దాని కింద అంతా రాయే. చల్లబడిన రాయి రాత్రంతా వీపులోంచి వేడిని లాగుతూనే ఉంటుంది. అందుచేత కింద వేసేది నొక్కినా నలగనిదై ఉండాలి. మూసుకున్న గాలి గదులుండే ఫోమ్ షీటు ఇందుకు సరైన వస్తువు. 10 మిల్లీమీటర్ల మందం ఉంటే హార్స్‌లీ హిల్స్ రాత్రికి చాలు. యోగా మ్యాట్ ఒక్కటే అయితే పలచన, రెండు కలిపి వేస్తే కొంత నయం. పిల్లలందరికీ పూర్తి పొడవు షీట్లు కొనలేకపోతే భుజాల నుంచి తుంటి దాకా వచ్చే ముక్కలు కోయించి, కాళ్ల కింద ఖాళీ చేసిన బ్యాగులు పెట్టించండి.

రెండోది గాలి. ఉష్ణమాపకం చెప్పేది గాలి ఎంత చల్లగా ఉందన్నది మాత్రమే, ఒంటికి ఎంత చలి వేస్తుందన్నది కాదు. చర్మాన్ని ఆనుకుని శరీరం వేడిచేసుకున్న ఒక పలుచని గాలి పొర ఉంటుంది. వీచే గాలి ఆ పొరను ఊడ్చుకుపోతే శరీరం మళ్లీ వేడిచేయాలి, మళ్లీ పోగొట్టుకోవాలి. వాతావరణ శాస్త్రజ్ఞులు వాడే లెక్క ప్రకారం 10 డిగ్రీల చలిలో గంటకు 30 కిలోమీటర్ల గాలి వీస్తే బయటపడిన చర్మానికి అది 6 లేక 7 డిగ్రీల చలిలా ఉంటుంది. 5 డిగ్రీల దగ్గర అదే గాలి వీస్తే దాదాపు సున్నాలా ఉంటుంది. ఇక ఎత్తు సంగతి. పైకి వెళ్లేకొద్దీ ప్రతి 1,000 మీటర్లకు సగటున 6.5 డిగ్రీలు తగ్గుతుంది. హార్స్‌లీ హిల్స్ ఎత్తు 1,200 మీటర్లకు పైమాటే కాబట్టి, తిరుపతిలో రాత్రి 19 డిగ్రీలుంటే అక్కడ 12 ప్రాంతంలో ఉంటుందని ముందే అనుకోవాలి. తల్లిదండ్రులు తమ ఊరి చలిని చూసి పిల్లల సంచి సర్దుతారు, ఇబ్బంది అక్కడే మొదలవుతుంది.

గుడారాలను లోయ కనిపించే అంచున వేయించామని రాశారు. ఉదయం ఫొటోలకు అది బాగుంటుంది, రాత్రి నిద్రకు అంతకంటే చెడ్డ చోటు ఉండదు. అంచు మీద గాలి వేగం పుంజుకుంటుంది. వేగం రెట్టింపైతే గుడారం మీద పడే ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. అలాగని లోయ అడుగుకు దిగినా లాభం లేదు, ఎందుకంటే బరువైన చల్లగాలి మబ్బులేని రాత్రుల్లో కిందికి జారి అక్కడే చేరుతుంది. అంచుకూ అడుగుకూ మధ్యలో, గాలి వచ్చే వైపున చెట్ల వరుస ఉన్న చోటు వెదకండి. ఆ చెట్ల ఎత్తుకు 2 నుంచి 5 రెట్ల దూరంలో గాలి బాగా తగ్గుతుంది. గట్టి గోడ కంటే చెట్ల వరుస మేలు. గోడను దాటిన గాలి సుడులు తిరుగుతుంది, ఆకుల సందుల్లోంచి వచ్చిన గాలి మాత్రం నెమ్మదిస్తుంది. అయితే నీలగిరి చెట్ల కిందనే గుడారం వేయవద్దు. అవి హఠాత్తుగా పెద్ద కొమ్మలు విరుచుకునే జాతి, హార్స్‌లీ హిల్స్‌లో వాటికి కొదవ లేదు.

డిసెంబరు, జనవరి నెలల్లో మనకు గాలి ఎక్కువగా ఈశాన్యం, తూర్పు దిక్కుల నుంచి వస్తుంది. కొండ మలుపుల్లో అది దారి మార్చుకుంటుంది కాబట్టి, సాయంత్రమే ఒక కర్రకు గుడ్డపీలిక కట్టి అరగంట గమనించి, గుడారం సన్నని వైపు గాలికి ఎదురుగా, తలుపు దానికి వెనుకవైపు వచ్చేలా నిలబెట్టండి. తాళ్లన్నీ కట్టించండి. గాలి లేనప్పుడు అవి అలంకారంలా కనిపిస్తాయి గనుక పిల్లలు సంచిలోనే వదిలేస్తారు. మేకు గుడారానికి ఎదురు దిశలో వాలి ఉండాలి. మేకు దిగని రాతి నేల అయితే, తాడును మోయగలిగినంత రాయికి చుట్టి, దాని ముందు అంతకంటే పెద్ద బండను అడ్డుగా పెట్టాలి. గుడారపు పైగుడ్డ అంచుకూ నేలకూ మధ్య గాలి దూరే సందు ఉంటే, గాలి వచ్చే వైపున సంచులను వరుసగా పేర్చండి.

మూడోది తడి. చీకటి పడేదాకా పిల్లలు కబడ్డీ ఆడి, అవే బట్టలతో పడుకున్నారని రాశారు. నూలు బనియను చెమటను పీల్చి పట్టుకుంటుంది, త్వరగా ఆరదు. నీరు గాలికంటే సుమారు 25 రెట్లు వేగంగా వేడిని తీసుకుపోతుంది. పడుకునే ముందు ఒక్క జత పొడి బట్టలు, ముఖ్యంగా బనియనూ మేజోళ్లూ మార్పించి ఉంటే, మీరిచ్చిన రెండు దుప్పట్లే చాలావరకు సరిపోయి ఉండేవి. ఆ జతను ప్లాస్టిక్ సంచిలో కట్టించి, పగలు ఏమి జరిగినా విప్పకూడదని నియమం పెట్టండి.

పిల్లల గురించి ఇంకొక మాట. బరువుతో పోలిస్తే వారి ఒంటి ఉపరితలం ఎక్కువ కాబట్టి పెద్దల కంటే త్వరగా చల్లబడతారు. వణుకుతున్న పిల్లవాడి శరీరం ఇంకా పోరాడుతున్నదని అర్థం. మాట ముద్దగా రావడం, నడక తడబడటం, అడిగినదానికి పొంతనలేని జవాబు చెప్పడం, అన్నింటికంటే ముఖ్యంగా వెచ్చబడకుండానే వణుకు ఆగిపోవడం ప్రమాద సూచనలు. శరీరం లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీల కంటే తగ్గిందనడానికి అవి గుర్తులు. తడి బట్టలు తీసి, పొడివి వేసి, కిందా పైనా దళసరిగా కప్పి, గాలి తగలని చోటికి చేర్చాలి. తెలివిలో ఉండి మింగగలిగితే తీపి కలిపిన వేడి పాలు పట్టవచ్చు. చేతులూ కాళ్లూ గట్టిగా రుద్దడం, మంట దగ్గర కూర్చోబెట్టి ఒక్కసారిగా కాచడం మంచివి కావు. వెంటనే 108కి ఫోను చేయాలి. కొండ మీద ఏ మూల ఫోను సిగ్నలు అందుతుందో పగలే చూసిపెట్టుకోవడం మీ బాధ్యత.

ప్రశ్న: మా పిల్లలతో కలిసి ఒక రాత్రి గుడారంలో ఉండాలని ఉంది. స్లీపింగ్ బ్యాగులు కొనే స్తోమత లేదు. ఇంట్లో పాత చీరలతో కుట్టిన బొంతలు, మా మామగారి కంబళి, ఈత చాపలు ఉన్నాయి. వీటితో చలి ఆగుతుందా?
— ఒక గృహిణి, కుప్పం

జవాబు: ఆగుతుందమ్మా. మన దగ్గర 10, 12 డిగ్రీల చలికి అవి చాలు. వాటిని పరిచే వరుస మాత్రం ముఖ్యం. అన్నింటికంటే కింద టార్పాలిన్ పట్ట వేయండి, అది నేల తడిని ఆపుతుంది. దాని అంచులు గుడారం బయటికి రాకుండా లోపలికి మడవండి, లేకపోతే మంచూ వాన నీరూ దాని మీదుగా లోపలికి వస్తాయి. పట్ట మీద కిరాణా కొట్టులో దొరికే అట్టపెట్టెలను విప్పి రెండు మూడు వరుసలుగా పరవండి. అట్ట లోపల ముడతల మధ్య గాలి ఉంటుంది, బరువు పడినా అంత తేలికగా నలగదు. తడవకుండా చూసుకున్నంతవరకు అంత చవకగా, అంత బాగా పనిచేసే పరుపు మరొకటి లేదు. దాని మీద ఈత చాప, చాప మీద ఒక బొంత. వరిగడ్డి పరవాలనుకుంటే జానెడు మందం వేయాలి, పడుకుంటే అది నాలుగో వంతుకు దిగిపోతుంది. అయితే గడ్డి ఉన్న గుడారం దరిదాపుల్లో దీపం గానీ అగరుబత్తి గానీ వెలిగించకూడదు.

కంబళి సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. మన కురుబలు నేసే కంబళి గొర్రె ఉన్నిది. ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు తేమను లోపల దాచుకుని కూడా చేతికి తడిగా తగలదు, వెచ్చదనం పూర్తిగా పోగొట్టుకోదు. మంచులో, వాన తుంపరలో రాత్రంతా మంద దగ్గర కాపలా ఉండే గొర్రెల కాపరి నూలు దుప్పటి కాక దానినే కప్పుకోవడానికి కారణమిది. అయితే కంబళి నేత వదులుగా ఉంటుంది కాబట్టి గాలి దూరుతుంది. అందుకని ఒంటికి దగ్గరగా బొంత, దాని మీద కంబళి, కంబళి మీద గాలిని ఆపే పలచటి గుడ్డ ఏదైనా కప్పండి. బిగువు నేత ఉన్న పంచె చాలు. ప్లాస్టిక్ షీటు మాత్రం కప్పవద్దు, ఒంటి ఆవిరి బయటికి పోలేక తెల్లవారేసరికి బొంత చెమ్మగిల్లుతుంది. పిల్లలను మధ్యలో పడుకోబెట్టి, మీరిద్దరూ చెరొక పక్కన పడుకుని, విడివిడిగా కప్పుకోకుండా అందరూ ఒకే కప్పు కింద ఉండండి. చిన్న గుడారం పెద్దదానికంటే వెచ్చగా ఉంటుంది కాబట్టి, అద్దెకు తీసుకునేటప్పుడు నలుగురికి నలుగురు పట్టేదే అడగండి. ఎనిమిది మందిది చవకగా వస్తుందని ఆశపడవద్దు.

ప్రశ్న: గుడారంలో చిన్న బొగ్గుల కుంపటి పెట్టుకుని, జిప్పు జానెడు తెరిచి ఉంచితే ప్రమాదం లేదని మిత్రులు చెబుతున్నారు. నిజమేనా?
— ఒక వ్యాపారి, తిరుపతి

జవాబు: నిజం కాదు. కుంపటి గానీ, గ్యాసు పొయ్యి గానీ, కిరోసిన్ దీపం గానీ గుడారంలో పెట్టకూడదు. జిప్పు ఎంత తెరిచినా పెట్టకూడదు. బొగ్గు సరిగా కాలనప్పుడు వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మెలకువగా ఉన్నవారికి తలనొప్పి, వాంతి వచ్చినట్లుండటం, కళ్లు తిరగడం మొదలవుతాయి. నిద్రలో ఉన్నవారికి అవేవీ తెలియవు, మెలకువే రాదు. పొగ లేని ఎర్రటి నిప్పులు సురక్షితమనుకోవడం మరీ ప్రమాదం, ఎందుకంటే పొగ ఉంటే కనీసం దగ్గు వచ్చి మేలుకుంటారు. గుడారపు నైలాను, పాలిస్టరు గుడ్డలు అంటుకుంటే జిప్పు వెదుక్కునే వ్యవధి కూడా ఉండదన్నది రెండో సంగతి.

వేడి కావాలంటే బయట పొయ్యి మీద నీళ్లు కాచి, మూత గట్టిగా బిగిసే స్టీలు సీసాలో పోసి, ఒక మేజోడు తొడిగి, తొడల మధ్య పెట్టుకుని పడుకోండి. అక్కడ పెద్ద రక్తనాళాలు చర్మానికి దగ్గరగా ఉంటాయి కాబట్టి వేడి ఒళ్లంతా పాకుతుంది. ఒకే పొర రేకున్న సీసా కావాలి, ఫ్లాస్కు పనికిరాదు. దాని లోపలి వేడి బయటికి రాదు కదా!

ప్రశ్న: మేము నలుగురం డిసెంబరు చివరలో ఉత్తరాఖండ్‌లోని కేదారకంఠకు వెళుతున్నాము. ఆన్‌లైన్‌లో మైనస్ 10 డిగ్రీలని రాసి ఉన్న స్లీపింగ్ బ్యాగు చూశాము. అది సరిపోతుందా? ఇంకేమి తీసుకువెళ్లాలి?
— విశ్వవిద్యాలయ విద్యార్థి, తిరుపతి

జవాబు: కేదారకంఠ శిఖరం సుమారు 3,800 మీటర్ల ఎత్తు. సాంక్రీ గ్రామం దాటి పైకి వెళ్లాక డిసెంబరు చివరలో రాత్రులు సున్నాకు చాలా దిగువన ఉంటాయి, గుడారం మంచు మీదే వేయవలసి రావచ్చు. మన కొండల మీద పొరపాటు చేస్తే నిద్ర చెడుతుంది, అక్కడ చేస్తే వేళ్లు పోవచ్చు.

బ్యాగు మీద రాసిన మైనస్ 10 అన్న అంకె దేనిని సూచిస్తుందో ముందు తెలుసుకోవాలి. ఐఎస్‌ఓ 23537 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం పరీక్షించిన బ్యాగుకు మూడు అంకెలు ఉంటాయి. మొదటిది కంఫర్ట్, అంటే సగటు స్త్రీ హాయిగా నిద్రపోగల ఉష్ణోగ్రత. రెండోది లిమిట్, అంటే సగటు పురుషుడు ముడుచుకుని పడుకుని ఎలాగో రాత్రి గడపగలిగేది. మూడోది ఎక్స్‌ట్రీమ్, అది ప్రాణం నిలబడటానికి సంబంధించినది, నిద్రకు కాదు. చవక బ్యాగుల మీద పెద్ద అక్షరాలతో అచ్చువేసేది చాలాసార్లు ఈ మూడో అంకెనే, లేదా ఏ పరీక్షా లేకుండా అమ్మకందారు వేసుకున్న అంకెను. కంఫర్ట్ అంకె విడిగా లేని బ్యాగును ఆ యాత్రకు కొనవద్దు. సాంక్రీలో అద్దెకు దొరికేవాటిని చూసి, జిప్పు సరిగా పడుతుందో లేదో, లోపలి దూది గానీ నూగు ఈకలు గానీ ఒకచోట గడ్డకట్టాయో లేదో తడిమి తీసుకోవడం మేలు. ఈకల బ్యాగు తేలిక, చాలా వెచ్చన, కానీ తడిస్తే చప్పబడి పనికిరాదు. సింథటిక్ నింపినది బరువెక్కువ అయినా తడిసినప్పుడు కొంతైనా కాపాడుతుంది.

ఎంత మంచి బ్యాగైనా పైన చిత్తూరు ఉపాధ్యాయుడికి చెప్పినదే వర్తిస్తుంది. బ్యాగు అడుగుభాగం మీ బరువుకు నలిగిపోతుంది కాబట్టి కింద మ్యాట్ లేకపోతే బ్యాగు ధర సగం వృథా. మ్యాట్లకు ఆర్-వాల్యూ అనే కొలత ఉంటుంది, ఎక్కువైతే వేడి తక్కువ పోతుందని అర్థం. మామూలు ఫోమ్ మ్యాట్‌కు అది 2 దగ్గర ఉంటుంది. మంచు మీద 5 అయినా ఉండాలి. ఒకదాని మీద ఒకటి వేస్తే ఈ అంకెలు కలుస్తాయి కాబట్టి, కింద ఫోమ్ మ్యాట్, దాని మీద 3 ఉన్న గాలి మ్యాట్ వేసుకోండి. గాలి మ్యాట్ చిల్లి పడినా కింద ఫోమ్ ఉంటుందన్న ధీమా కూడా మిగులుతుంది. నలుగురి డబ్బూ పరిమితమైతే బ్యాగులు అద్దెకు తీసుకుని, మ్యాట్లు సొంతంగా కొనండి.

చిన్న సంగతులు కొన్ని. తల లోపలికి దూర్చి బ్యాగులోనే ఊపిరి వదలవద్దు, ఆ ఆవిరి నింపుడులో చేరి రోజురోజుకూ దానిని చల్లబరుస్తుంది. ముక్కూ నోరూ బయట ఉంచి, మంకీ క్యాప్ వేసుకోండి. ఫోను, పవర్ బ్యాంకు, మర్నాటి మేజోళ్లు బ్యాగులోనే పెట్టుకోండి. నీళ్ల సీసాలను తలకిందులుగా నిలబెట్టండి. నీరు పైనుంచి గడ్డకడుతుంది కాబట్టి, ఉదయం తిప్పి చూస్తే మూత దగ్గర నీరు మిగిలి ఉంటుంది. మన ఊళ్లో చిన్న పొయ్యిలకు వాడే పొడవాటి గ్యాసు డబ్బాల్లో ఉండేది ఎక్కువగా బ్యూటేన్. అది మైనస్ 0.5 డిగ్రీల దగ్గర ఆవిరి కావడం మానేస్తుంది, అంటే మీకు వేడి నీళ్లు అత్యవసరమైన పూటే పొయ్యి వెలగదు. ప్రొపేన్ కలిసిన డబ్బాలు వాడాలి. గ్యాసు డబ్బాలను విమానంలో అనుమతించరు, కాబట్టి అక్కడికి చేరాకే కొనుక్కోండి.

ప్రశ్న: తెల్లవారి లేచి చూస్తే గుడారం లోపలంతా తడి. వాన పడలేదు. గుడారం చెడిపోయిందా?
— ఒక పాఠకురాలు, పలమనేరు

జవాబు: చెడిపోలేదు. అది మీ ఊపిరి, మీ ఒంటి ఆవిరి. రాత్రంతా లోపలి మనుషులు వదిలిన తేమ చల్లటి గుడ్డను తాకి నీరైంది. చలికి భయపడి మీరు గాలి కిటికీలన్నీ మూసి ఉంటారు. గాలి వచ్చే వైపువి మూసి, పై భాగంలో ఉన్న కిటికీని, వెనుకవైపు దానిని తెరిచి ఉంచండి. కొంచెం చల్లగాలి వచ్చినా పొడిగా ఉన్న గుడారమే వెచ్చన. తడి చెప్పులు, తువ్వాళ్లు లోపల ఆరవేయవద్దు. లోపలి గుడ్డకు దుప్పటి తగలకుండా పడుకోండి.

ప్రశ్న: ఒంటి వేడిలో సగం తల నుంచే పోతుందంటారు, ఒక టోపీ పెట్టుకుంటే చాలదా? గుక్కెడు బ్రాందీ వేసుకుంటే చలి ఆగుతుందన్నది నిజమేనా?
— ఒక పాఠకుడు, శ్రీకాళహస్తి

జవాబు: తల నుంచి పోయేది సుమారు పదో వంతు. ఒంట్లో తల వాటా కూడా దాదాపు అంతే. టోపీ తప్పక పెట్టుకోండి, కానీ కాళ్లకు మేజోళ్లు లేకుండా కాదు. బ్రాందీ చర్మంలోని రక్తనాళాలను వెడల్పు చేస్తుంది. వేడి రక్తం పైకి వచ్చి వెచ్చగా ఉన్నట్లు అనిపిస్తుంది, నిజానికి లోపలి వేడి బయటికి పోతుంటుంది. వణుకును కూడా అది అణచివేస్తుంది. చలి రాత్రి దానిని ముట్టకపోవడం మేలు.

ప్రశ్న: తలకోన, నాగలాపురం కొండల్లో వాగు ఒడ్డున గుడారం వేసుకోవాలనుకుంటున్నాము. చలి ఎలా ఉంటుంది?
— కొందరు ఉద్యోగులు, రేణిగుంట

జవాబు: చలి కంటే ముందు అనుమతి గురించి ఆలోచించండి. తలకోన శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానవనంలో భాగం. శేషాచలం కొండలు 2010 నుంచి జీవావరణ రక్షిత ప్రాంతం. ఎర్రచందనం దొంగల కోసం అటవీ సిబ్బంది రాత్రింబవళ్లు తిరిగే ఆ అడవుల్లో, చిరుతలూ ఏనుగులూ సంచరించే చోట, అటవీ శాఖ చూపించిన స్థలంలో తప్ప ఎక్కడా రాత్రి ఉండకూడదు.

అనుమతి దొరికినా వాగు ఒడ్డు వద్దు. నీటి దగ్గర తేమ ఎక్కువ, చల్లగాలి చేరేదీ అక్కడికే. అంతకంటే పెద్ద కారణం ఈశాన్య రుతుపవనాలు. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు వాటివల్లే పడతాయి. 2021 నవంబరులో కొండల మీద కురిసిన వాన తిరుపతి వీధుల్లోకి ఎంత వేగంగా దిగివచ్చిందో మీరు చూసే ఉంటారు. మీ తల మీద చుక్కలు కనిపిస్తున్నా, పై కొండ మీద వాన పడుతూ ఉండవచ్చు. వాగుకు ఎడంగా, గట్టు మీద గుడారం వేయండి. వాన, గాలి కలిసి వచ్చే నవంబరు రాత్రి 18 డిగ్రీలున్నా, పొడిగా ఉన్న జనవరి రాత్రి 12 డిగ్రీల కంటే ఎక్కువ వణికిస్తుంది.

ప్రశ్న: అన్ని జాగ్రత్తలూ తీసుకుంటాము. అర్ధరాత్రి దాకా హాయిగానే ఉంటుంది. నాలుగు గంటలకు మాత్రం చలికి మెలకువ వచ్చేస్తుంది. ఎందుకు?
— ఒక పాఠకుడు, పుంగనూరు

జవాబు: రెండు గడియారాలు ఒకేసారి అడుగుకు చేరే వేళ అది. నేల సాయంత్రం నుంచి ఆకాశంలోకి వేడిని వదులుతూనే ఉంటుంది, సూర్యుడు వచ్చేదాకా ఆ నష్టం ఆగదు, కాబట్టి సూర్యోదయానికి కాస్త ముందు అత్యంత చల్లన. ఒంటి వేడి కూడా తెల్లవారుజామునే అన్నింటికంటే తక్కువకు దిగుతుంది. ఏడు గంటలకు తిన్న రాత్రి భోజనం అప్పటికి జీర్ణమైపోయి ఉంటుంది. ఆరుబయట కంటే చెట్టు నీడన వేసిన గుడారం ఈ వేళ కొంత నయం, కొమ్మలు నేల వేడిని నేరుగా ఆకాశంలోకి పోనివ్వవు.

రాత్రి భోజనం ఆలస్యంగా, కొవ్వు ఉన్నదిగా చేయండి. నెయ్యి వేసిన రాగి సంగటి, వేరుశనగ పచ్చడి ఇందుకు చక్కగా సరిపోతాయి, కొవ్వు నెమ్మదిగా అరుగుతుంది. వేరుశనగ చిక్కి ఒకటి మూత ఉన్న డబ్బాలో చేతికందే చోట పెట్టుకోండి. చిరుతల అడవిలో లేనప్పుడే సుమా, అక్కడ తిండి ఏదీ గుడారంలో ఉంచకూడదు. స్వెట్టరు ఒకటి వేసుకోకుండా పక్కన ఉంచుకుని, మూడు గంటల ప్రాంతంలో చలి తెలిసిన మొదటి క్షణమే వేసుకోండి. వణుకు మొదలయ్యాక వేసుకుంటే వెచ్చబడటానికి చాలాసేపు పడుతుంది. మూత్రం వస్తున్నట్లుంటే బద్ధకించి పడుకోవద్దు, ఆపుకున్నంతసేపూ నిద్ర పట్టదు. వెళ్లి వచ్చి, చిక్కి ముక్క నమిలి, పడుకునే తొడలూ పిక్కలూ బిగించి వదులుతూ ఉండండి. చెమట పట్టేంతగా మాత్రం చేయవద్దు.